శ్రీబాగ్‌లో మాట్లాడుకున్న మాట

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'శ్రీబాగ్' గృహంలో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. సంతకాలు చేసినవారిలో కోస్తా పక్షాన భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ఉన్నారు. సీమ పక్షాన కడప కోటిరెడ్డి, పప్పూరి రామాచార్యులు, హిందూపురం ప్రాంతానికి చెందిన కల్లూరు సుబ్బారావు ఉన్నారు.

ఇరువురి భాషా ఒకటే. అనుభవాలు మాత్రం వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా సస్యశ్యామలమైంది. పెన్న హిందూపురం చెంతనే ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది గాని, ఏడాదిలో అధికభాగం అక్కడ కనిపించేది ఇసుకే. ధర్మవరం చెరువు వానమీద ఆధారపడింది. 1565 తరువాత విజయనగర రాజధానియైన పెనుకొండ కరవుసీమగా మిగిలింది. ప్రత్యేక రాష్ట్రం వస్తే మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందేమోనన్న శంక సీమవారిది.

ఆ శంకను ఆంధ్రోద్యమానికి ద్రోహమని కోస్తా పెద్దలు కొట్టిపారేయలేదు. సీమవారూ తమ బాధను ఉత్త నిష్ఠూరంగా వదిలేయక స్పష్టమైన కోరికలుగా మలిచారు. తత్ఫలితంగా వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టులలో సీమ కోరుకున్నది సీమకు, శాసనసభ స్థానాలకు జిల్లాల సమానత్వం ప్రాతిపదిక అని రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే ఆపైనా, రాయలసీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యమివ్వాలన్నారు. అనుమానాన్ని నోరువిప్పి చెప్పడం, ఎదుటివారు దానిని ఓపికగా వినడం, ఆపైన కాగితంమీద పెట్టడం: నిజమైన సంభాషణకు ఈ మూడూ కావాలి.

లోపాలూ లేకపోలేదు. అది పెద్దల మధ్య మాట. ధర్మవరం నేతగాడు, పెనుకొండ మెట్టరైతు ఆ గదిలో లేరు. మాట నిలిచిందా లేదా అని మళ్లీ కూర్చుని చూసుకునే ఏర్పాటూ లేదు. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలం పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయాన్ని చేరేసరికి ఒడంబడికకు దాదాపు ఎనభై ఏళ్లు నిండాయి.

2014 రాష్ట్ర విభజన తరువాత రాజధాని, హైకోర్టు వివాదాలలో శ్రీబాగ్ పేరు మళ్లీ మళ్లీ వినబడింది. ఎవరికి వారు తమకు కావలసిన షరతును ఉటంకించారు. అంతకంటే ముందు తెలుసుకోదగినది, అన్ని అనుమానాల నడుమ ఆ పెద్దలు ఒకరి మాట ఒకరు విన్న తీరు.