జీపు క్రింద నూనె మరక

జీపు ఒక రాత్రి నిలిచిన చోట తెల్లవారి చూచినచో నేలపై నల్లని మరక కనబడుట మన ఊళ్ళలో చాలకాలము సాధారణ దృశ్యము. 1952లో సమాజ వికాస పథకము ఆరంభమైన పిదప బ్లాకు అధికారుల జీపులు మట్టిబాటల వెంట పల్లెలకు చేరినవి. వాటి వెంట ఈ మరకయు చేరినది. “పాత బండి గదా, కారక ఏమిచేయును!” అని సరిపెట్టుకొన్నవారే ఎక్కువ. కాని నూనె ఎందుకు కారునో తెలియుటకు ఆ ఇంజను పుట్టుక కొంత తెలియవలెను.

1940లో అమెరికా సైన్యము నాలుగు చక్రములకును శక్తి అందునట్టి తేలికబండి కావలెనని కోరినది. మొదటి నమూనాను నిర్మించినది బాంటమ్ అను చిన్న కంపెనీ. అయినను 1941లో పెద్ద ఒప్పందము విల్లీస్-ఓవర్‌లాండ్ కంపెనీకి దక్కినది. దాని ఇంజను బలమే అందుకు ముఖ్యకారణము. డెల్మార్ రూస్ అను ఇంజనీరు మెరుగుపరచిన ఆ నాలుగు సిలిండర్ల ఇంజను పరిమాణము సుమారు 2.2 లీటర్లు, శక్తి 60 అశ్వశక్తి. యుద్ధము ముగిసిన తరువాత, 1947లో, మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగములనుండి కూర్చనారంభించినది.

ఇంజనులో క్రాంక్‌షాఫ్టు తిరుగుచుండును. దాని బేరింగులకు నూనె ఒత్తిడితో అందుచుండవలెను. ఆ షాఫ్టు వెనుక కొన ఇంజను గూటిని దాటి బయటకు వచ్చి, ఫ్లైవీలును మోయవలెను. తిరుగు షాఫ్టు బయటకు రావలెను, దానిని తడుపు నూనె మాత్రము లోపలనే నిలువవలెను! పైగా షాఫ్టును క్రిందినుండి అమర్చుటకు వీలుగా బేరింగును రెండు సగములుగా చేసిరి. అందువలన అచ్చటి సీలు కూడ రెండు ముక్కలైనది. అతుకు ఉన్నచోట కారుటకు అవకాశము ఉండనే ఉన్నది.

తొలి జీపులలో ఈ సీలు ఒక అల్లిన త్రాడు. దానిని నూనెలో నానబెట్టి, గాడిలో పెట్టి, గుండ్రని కడ్డీతో గట్టిగా దొర్లించి, కొనలను సరిగా కోయవలెను. పని అంతయు మెకానిక్కు చేతిలోనే ఉన్నది. కొనలు చాలకున్న నూనె కారును. మిగిలి బేరింగు మూతక్రింద నలిగినచో మూత సరిగా కూర్చొనదు.

రబ్బరు ఎందుకు వాడలేదని విద్యార్థులు అడుగవచ్చును. సహజమైన రబ్బరు ఖనిజతైలములో ఉబ్బి మెత్తబడును. అందుచేతనే జర్మనీలో తోళ్ళు పదును చేయు ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1929లో తోలుతోనే ఇరుసు సీళ్ళు చేసినది. చెప్పుల తోలుకు బంధువైన వస్తువు మోటారులో చేరినదన్నమాట! కాని తోలు వేడికి బిరుసెక్కును. 1930లో అమెరికాలో డ్యూపాంట్ రసాయనజ్ఞులు నియోప్రీన్‌ను కనుగొన్నారు. అదే దశకములో జర్మనీలో నూనెకు మరింత తట్టుకొను నైట్రైల్ రబ్బరు వచ్చినది. తరువాతి జీపు ఇంజనులకు త్రాటికి బదులు కృత్రిమ రబ్బరుతో చేసిన పెదవి సీళ్ళు దొరికినవి. వాని పెదవి ఇంజను లోపలివైపు తిరిగియుండవలెను. తిరగవేసినచో కొత్తసీలు మొదటి రోజుననే కారును.

ఇంత చెప్పినను, వెనుక పడిన ప్రతిబొట్టుకు ఆ సీలే కారణమనుట పొరపాటు. వాల్వుల ప్రక్కమూత ప్యాకింగునుండి చెమర్చిన నూనె ఇంజను ప్రక్కగా జారి, గాలికి వెనుకకు పోయి, అచ్చటనే బొట్లు కట్టును. క్యామ్‌షాఫ్టు వెనుక బిళ్ళ వదులైనను నూనె క్లచ్చి గూటిలోనే పడును. వెనుక బేరింగు మూత ఇరుప్రక్కల రెండు రబ్బరు ముక్కలుండును. అవి సుమారు పావు అంగుళము బయటకు పొడుచుకొని ఉండవలెను. సంపు బిగించునపుడు నలిగి సందులను మూయును. పొడుగైనవని వానిని కత్తిరించివేసినచో ఆ సందులు తెరచియే ఉండును.

అన్నిటికన్న తరచుగా మరచునది వాల్వు ఒకటి ఉన్నది. పిస్టన్ రింగుల సందులనుండి కొంత వాయువు క్రిందిగూటిలోనికి దిగును. దానిని తిరిగి సిలిండర్లలోనికే పీల్చు వాల్వు యుద్ధకాలపు జీపులలోనే ఉన్నది. నీటిలోనికి దిగవలసిన బండి గనుక గూటిని బయటిగాలికి తెరచియుంచరాదు. పొగ కాలుష్యమును తగ్గించుటకు అమెరికాలో మామూలు కార్లకు ఇట్టి వాల్వు 1960 దశకములో వచ్చినది. ఈ వాల్వు మసితో మూసుకొన్నచో లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్ళనుండి కూడ నూనెను వెలికి త్రోయును. కొత్తసీలు వేసియు నెలలోనే మరల కారుటకు ఇది ఒక కారణము. దానిని విప్పి కడుగుటకు కొద్దిపాటి శ్రమ చాలును; సీలు మార్చవలెనన్న సంపును దింపవలెను, ఒక్కొకప్పుడు ఇంజనునే దింపవలెను.

కావున ముందుగా ఇంజనును కిరసనాయిలుతో కడిగి, బాగుగా ఆరనిచ్చి, అతుకులపై సుద్దపొడి చల్లి, కొంతసేపు నడిపి చూడవలెను. పొడి ఎచ్చట మొదట తడియునో నూనె అచ్చటినుండి వచ్చుచున్నది. పాత త్రాటిసీళ్ళలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. ఊపిరితిత్తులకు హాని గనుక వానిని ఎండినప్పుడు గీకరాదు, దుమ్మును ఊదరాదు, తడిపి తీయవలెను.

క్లచ్చి గూటి అడుగున ఒక చిన్న రంధ్రమున్నది. బొట్టు రాలునది అందునుండియే. మరక పడరాదని దానిని మూసివేసినచో నూనె లోపలనే నిలిచి క్లచ్చి బిళ్ళను తడుపును. అప్పుడు ఘాటురోడ్డుపై ఇంజను మ్రోగును గాని బండి ఎక్కదు.