స్టీరింగు దాకా ఎన్ని గడపలు?

డ్రైవింగు లైసెన్సు దరఖాస్తులో కులం అనే గడి లేదు. వయసు, చిరునామా, చూపు, శిక్షణ - ఇవే అడుగుతారు. అందుకే డ్రైవరు పనికి కులం లేదని చాలామంది అనుకుంటారు. అడగనంత మాత్రాన కులం లేనట్టేనా? చిన్న బస్సు నడిపే మనిషి లైసెన్సు చరిత్రని మనం ఈ ప్రశ్నతోనే చదవాలి.

మోటారు రాకముందు తోలే పని ఎవరి చేతిలో ఉందో అంబేడ్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు. 1901లో పిల్లలంతా కలిసి తండ్రి దగ్గరికి కోరేగావ్ పోతుంటే ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి బండి వాళ్లే తోలుకోవాల్సి వచ్చింది. బండివాడు పక్కన నడిచాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాలాలు ఆయన్ని తీసుకుపోమన్నారు. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు. వాడ జనం టాంగా కిరాయికి తెచ్చి, తోలడం రాని తమ మనిషినే కూచోబెట్టారు. వంతెన దగ్గర టాంగా దెబ్బతిని అంబేడ్కర్ రాళ్లమీద పడ్డారు, కాలు విరిగింది. మనల్ని ఎక్కించుకోరు, మనకు తోలే విద్యా అందనియ్యరు. ఆ కాలు విరగడానికి ఈ రెండూ కారణాలే.

మోటారు కొత్తది. స్టీరింగుకి పుట్టుకతో వచ్చిన కులవృత్తిదారుడు లేడు. హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలయింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. ప్రభుత్వ సంస్థ కాబట్టి రిజర్వేషన్ వర్తించింది. ఊర్లో జీతానికుండే కుటుంబాల్లోంచి ఖాకీ చొక్కా వేసుకున్న డ్రైవర్లు వచ్చారు. నెల జీతం, పి.ఎఫ్., యూనియన్, పిల్లల చదువు - ఇవన్నీ ఆ చొక్కా వెంటే ఇంట్లోకొచ్చాయి. మన విద్యావంతుల మొదటి తరం గురించి రాసేటప్పుడు ఈ చొక్కాని మర్చిపోకూడదు.

ఆర్‌టీసీ అందరికీ కొలువులియ్యలేదు. 1978లో జంట నగరాల నిరుద్యోగుల శిక్షణ, ఉపాధి కోసం ప్రభుత్వం సెట్విన్ సంస్థను పెట్టింది. సెట్విన్ చిన్న బస్సులు పాత తరం హైదరాబాదీలకు బాగా తెలుసు. నగరానికి తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ నల్లగొండ, విజయవాడ, సాగర్ రోడ్ల ముఖద్వారాలు. కరువు జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినోళ్లు బస్సు దిగేది ఇక్కడే. వాళ్లలో ఎందరికో నగరంలో దొరికిన మొదటి పని బండిమీద క్లీనరు పని.

ఈ క్లీనరు బడికి బోర్డు ఉండదు, ఫీజు ఉండదు. బండి కడగాలి, టైరు మార్చాలి, డోరుకి వేలాడుతూ స్టాపుల పేర్లు అరవాలి. రాత్రి బండి పక్కకు పెట్టేటప్పుడు ఉస్తాదు కనికరిస్తే స్టీరింగు చేతికొస్తుంది. ఏళ్ల తరబడి ఇట్లా నేర్చుకున్న విద్యకి సర్టిఫికెట్ మాత్రం రాదు.

చట్టం సర్టిఫికెట్‌నే అడుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమలయింది. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి లెర్నర్ లైసెన్సు కావాలన్నా, అంతకుముందే తేలికపాటి వాహనం లైసెన్సు ఏడాదిపాటు ఉండాలి. పైగా గుర్తింపు ఉన్న మోటారు స్కూలు ఇచ్చిన శిక్షణ పత్రం పెట్టాలి. స్కూలుకి ఫీజు కట్టాలి. కూలి పోగొట్టుకుని మలక్‌పేట ఆర్‌టీఏ ఆఫీసుకీ, నాగోల్ టెస్ట్ ట్రాకుకీ తిరగాలి. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రైవరు పని కూడా డబ్బు పెట్టి కొనుక్కునే కోచింగే అయింది.

2007 ఏప్రిల్‌లో ఇంకో గడప లేచింది. రవాణా లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసు కావాలన్నారు. అప్పటికే లైసెన్సున్నోళ్లను వదిలేశారు, కొత్తగా వచ్చేటోళ్లకి తలుపు మూశారు. రోడ్డు గుర్తులు చదవగలగడం ఒకటి, ఎనిమిదో తరగతి పాసు కావడం ఇంకోటి. ఇంట్లో చదివినోళ్లు లేని పిల్లలే బడి మధ్యలో మానేస్తారు. వాళ్లలో కొందరు క్లీనర్లవుతారు. బడి నుంచి బయటికి నెట్టింది ఎవరో అడగకుండా, బడి కాగితం ఏదని అడిగింది ఈ నిబంధన.

2019 సెప్టెంబరులో దాన్ని ఎత్తేశారు. న్యాయం గుర్తొచ్చి కాదు. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. పన్నెండేళ్లు మనవాళ్లు పనికిరానోళ్లు, కొరత రాగానే నిపుణులయ్యారు! ఇక, 7,500 కిలోలు దాటని రవాణా బండికి తేలికపాటి వాహనం లైసెన్సే చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. చాలా చిన్న బస్సులు ఈ బరువు లోపలివే. అయితే అది బీమా కంపెనీలు నష్టపరిహారం దగ్గర పెట్టిన తగాదా. డ్రైవరు బతుకు మీద కోర్టుకు పోయిన కేసు కాదు.

లైసెన్సు గడప కిందికి దిగిన కాలంలోనే దాని వెనకున్న కొలువు చిక్కిపోయింది. ఆర్‌టీసీ అద్దె బస్సుల్లో డ్రైవరు బస్సు యజమాని మనిషి. ఎలక్ట్రిక్ బస్సుల కాంట్రాక్టులో డ్రైవరు కంపెనీ మనిషి. ప్రయాణికుడికి కనిపించేది ఆర్‌టీసీ బోర్డే, కానీ ఆ సీటుకి రిజర్వేషన్ లేదు. 2021లో మొదలైన దళితబంధులో పది లక్షలతో కొందరు బండి యజమానులయ్యారు. అది మంచిదే. అయితే సొంత బండిమీద నష్టమొచ్చినా, ప్రమాదమొచ్చినా భరించాల్సింది ఆ కుటుంబం ఒక్కటే.

అందుకని మన డిమాండు లైసెన్సు దగ్గర ఆగకూడదు. క్లీనరుగా నేర్చిన పనిని శిక్షణగా గుర్తించాలి. శిక్షణ కాలానికి కూలి ఇవ్వాలి. ప్రజల డబ్బుతో నడిచే అద్దె బస్సుల్లోనూ, ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ రిజర్వేషన్ ఉండాలి. విద్యార్థులు చేయాల్సిన పని ఇంకోటుంది. కులం గడి లేని లైసెన్సు రికార్డుల్లో మన చరిత్ర దొరకదు. అది డిపోల దగ్గర, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, రిటైరైన డ్రైవర్ల నోట్లో ఉంది. వాళ్లుండగానే పోయి అడిగి రాసుకోవాలి.