46 లక్షల కిలోమీటర్లు, రెండు పానాలు

మన ఐటీలో ఎవరూ పైకి చెప్పని నిచ్చెన ఒకటుంది. కొత్త డెవలప్‌మెంటు చేసేవాడు పై మెట్టు మీద, మెయింటెనెన్సు ప్రాజెక్టులో ఉన్నవాడు కింద. "పాపం, సపోర్టులో పడ్డాడ్రా" అంటాం, అదేదో బావిలో పడ్డట్టు. నేనూ అన్నాను, నేను పడే దాకా :) ఆ తర్వాత నా అభిప్రాయం మార్చింది మేనేజరు గారి ప్రసంగం కాదు, ఒక పాత డీజిలు ఇంజను చరిత్ర.

ఆ ఇంజను పేరు తెలీకపోయినా మీరు దాని వెనక కూర్చునే ఉంటారు. ఇంటిల్లిపాదీ శ్రీశైలానికో తిరుపతికో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని వెళ్ళలేదూ? పల్లెటూళ్ళకి లోపల పదిహేనుమందిని, టాపు మీద నలుగురిని ఎక్కించుకుని తిరిగిన ట్రాక్స్ జీపులు గుర్తున్నాయా? పూణేలోని బజాజ్ టెంపో (2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది) ఆ బళ్ళలో పెట్టిన ఇంజను మెర్సిడెస్ వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుని 1980లలో తయారు చేసింది. పేరు ఓఎం 616.

అసలు కథ జర్మనీది. డీజిలు కారు అనే ఆలోచనకి మెర్సిడెస్ 1936లోనే 260డి తో శ్రీకారం చుట్టింది. 1973లో 240డి కారుతో ఈ 616 వచ్చింది. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, 65 హార్స్‌పవర్. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోడానికి ఇరవై సెకన్ల పైనే పట్టేది. ఆ ఏడాది అక్టోబర్లో అరబ్ దేశాలు చమురు బిగించేసరికి, నత్తలా నడిచినా తక్కువ తాగే ఈ బండికి కాలం కలిసొచ్చింది. 1974లో దానికే ఐదో సిలిండరు తగిలించి 3 లీటర్ల ఓఎం 617 చేసారు. ఐదు సిలిండర్ల ఇంజనుతో అమ్మకానికొచ్చిన మొదటి కారు అదే. పవర్ మాత్రం 80 దగ్గరే ఆపేసారు.

ఎందుకు ఆపారు? చేతకాక కాదు. 1976లో ఇటలీలోని నార్దో ట్రాకు మీద, సీ111 అనే ప్రయోగాల కారులో, ఇదే 3 లీటర్ల ఇంజనుకి టర్బో తగిలించి 190 హార్స్‌పవర్ పిండారు. గంటకి 250 కిలోమీటర్ల పైచిలుకు సగటు వేగంతో రాత్రింబవళ్ళు పరిగెత్తించి 16 ప్రపంచ రికార్డులు కొట్టారు. మన భాషలో చెప్పాలంటే అది లోడ్ టెస్టింగ్. 190 మోయగలదని తేలినదాన్ని జనానికి 80కే ఇచ్చారు. 1978లో 300ఎస్‌డీ కారులో టర్బో పెట్టినప్పుడు కూడా 115 దాటించలేదు, పైగా పిస్టన్ల కింద చల్లబరచడానికి ఆయిల్ చిమ్మే ఏర్పాటు చేసారు. మన్నికలో మొదటి రహస్యం ఇదే: దాని శక్తికి సగం పనే చెప్పడం.

లోపలంతా మొరటు సరుకు. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. డీజిలు ముందు ఒక చిన్న గదిలో అంటుకుని, ఆ తర్వాత సిలిండర్లోకి వస్తుంది కాబట్టి పిస్టన్ మీద దెబ్బ కాస్త మెత్తగా పడుతుంది. ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్. ఒకసారి స్టార్టయ్యాక కరెంటుతో పనే లేదు. తాళం తిప్పితే ఇంజనుని ఆపేది కూడా వాక్యూమే. ఆ గొట్టంలో ఎక్కడైనా లీకుంటే తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజను నడుస్తూనే ఉంటుంది!

ఇక్కడే "చావని ఇంజను" అనే పురాణం పుట్టింది. దానికి అందరూ చూపించే సాక్ష్యం గ్రీసు దేశపు టాక్సీ డ్రైవరు గ్రెగోరియోస్ సాకినిడిస్. థెస్సలోనికీ ఊళ్ళో తన 1976 నాటి 240డి ని 46 లక్షల కిలోమీటర్లు తిప్పి 2004లో మెర్సిడెస్ మ్యూజియానికి ఇచ్చాడు. కానీ ఆ కథలో చాలామంది చెప్పకుండా వదిలేసే ముక్క ఒకటుంది. అన్ని లక్షలూ ఒకే ఇంజను తిరగలేదు. అరిగినదాన్ని దించి, బాగు చేసి ఉంచుకున్న ఇంకోదాన్ని ఎక్కించి, మళ్ళీ దించి.. అలా నడిపాడాయన.

మొదట చదివినప్పుడు నాకు నిరాశ వేసింది, మోసపోయినట్టు. తర్వాత ఆలోచిస్తే అసలు గొప్పతనం అదే అనిపించింది. ఈ ఇంజన్లలో వాల్వుల సందు సుమారు 24 వేల కిలోమీటర్లకోసారి చేత్తో సరిచేయాలి. మూత విప్పి, రెండు పానాలతో గంటా రెండు గంటల పని. అది మానేస్తే సందు తగ్గిపోయి వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పడిపోతుంది, పొద్దున్నే స్టార్టవదు, ఆఖరికి వాల్వు మాడుతుంది. అప్పుడు "ఇంజను పోయింది" అంటారు. పోయింది ఇంజను కాదు, ఆ రెండు గంటలు! 1983లో వచ్చిన తర్వాతి తరం ఇంజన్లలో హైడ్రాలిక్ టాపెట్లు పెట్టి ఆ చాకిరీ తీసేసారు, మంచిదే. కానీ ఆయిల్ మార్చే పనిని ఏ తరమూ తీసెయ్యలేదు.

ఇదంతా చదివి పాత బంగారం అని నేను భజన చేస్తున్నాననుకునేరు. ఆ నల్ల పొగ మర్చిపోకూడదు. డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2012లో తేల్చి చెప్పింది. ఇంజను లక్షల కిలోమీటర్లు బతికిందంటే పొగ కూడా అన్ని లక్షలూ బతికినట్టే. అందుకే పూణే వాళ్ళు దాని వంశాన్నే 2.6 లీటర్లకి పెంచి, కామన్ రైల్ ఇంజెక్షన్ పెట్టి, మారిన కాలుష్య నిబంధనలకి తగ్గట్టు మార్చుకుంటూ వచ్చారు. పాత కోడ్‌ని పారెయ్యకుండా, అలాగని దేవుడి గదిలోనూ పెట్టకుండా, రీఫాక్టర్ చేయడమంటే అదే కదా.

616ని గీసిన ఇంజనీర్లు గొప్పవాళ్ళే, కాదనను. కానీ వాళ్ళకి ఆ పేరు నిలబెట్టింది మాత్రం థెస్సలోనికీలోనూ, మన కర్నూలు రోడ్డు పక్క షెడ్లలోనూ పానా పట్టుకున్న చేతులు. ఈసారి ఎవరైనా "ఇంకా మెయింటెనెన్సులోనే ఉన్నావా?" అని జాలిపడితే నేను సిగ్గుపడదల్చుకోలేదు. వాల్వులు సరిచేస్తున్నానని చెప్తాను.