దాద్, ముకర్రర్, ఖామోషీ

మన దగ్గర ఎవరి గోడూ ఎవరికీ పట్టనప్పుడు "దాదూ ఫిర్యాదూ లేదు" అంటారు. అది ఫారసీ మాట అని అనేవాళ్లలో చాలామందికి తెలియదు. ఫిర్యాద్ అంటే మొర, దాద్ అంటే ఇన్సాఫ్. మొర వినేవాడూ లేడు, న్యాయం చేసేవాడూ లేడు అని దాని మతలబు. ముషాయిరాలో షాయర్‌కి దక్కే మెప్పు పేరు కూడా ఇదే దాద్. అంటే మంచి షేర్‌ని మెచ్చుకోవడం దాని మీద దయ చూపడం కాదు, దాని హక్కు దానికి అప్పజెప్పడం.

ఉర్దూ మీడియం బడిలో చదివే రోజుల్లో అబ్బా వెంట ముషాయిరాలకు పోయేవాణ్ని. షాయరీ సగం బుర్రకెక్కేది కాదు. జనం మాత్రం బాగా అర్థమయ్యేవారు. షాయర్ మొదటి మిస్రా రెండుసార్లు చదువుతాడు. ఖాఫియా ఎక్కడ పడుతుందో జనం కాచుకొని ఉంటారు. రెండో మిస్రా పడగానే "వాహ్ వాహ్", "సుబ్‌హానల్లాహ్". మరీ నచ్చితే "ముకర్రర్!" అంటే ఇంకోసారి చదవండి అని. నచ్చకపోతే పెద్దలున్న మెహఫిల్‌లో ఎవరూ ఛీ అనరు. ఊరుకుంటారు. పాన్‌దాన్ మూత చప్పుడు వినిపిస్తుంది. ఆ ఖామోషీని మించిన సజా లేదనేవారు అబ్బా.

దాద్‌లో బేఇమానీ కూడా పాతదే. ఉస్తాద్ నోరు విప్పకముందే షాగిర్దులు వాహ్ అంటారు. "మన్ తురా హాజీ బిగోయమ్, తూ మరా హాజీ బిగో" అని ఫారసీలో సామెత. నేను నిన్ను హాజీ అంటాను, నువ్వు నన్ను హాజీ అను! ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 'ఆసిఫ్' అనే తఖల్లుస్‌తో ఘజళ్లు రాసేవారు. ఆయనకి ఉస్తాద్ దాగ్ దెహల్వీ. 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూసి నాంపల్లి యూసుఫైన్ దర్గాలో నిద్రపోతున్నారు. మరి బాద్‌షా ఘజల్‌కి వాహ్ అననివాడు దర్బార్‌లో ఉంటాడా? అది షేర్‌కి పడిన దాద్ ఎంతో, తఖ్త్‌కి పడిన సలాం ఎంతో ఎవరు లెక్కగడతారు?

తఖ్త్ పోయాక 1952లో ఆ దాద్ అవామ్ చేతికి వచ్చింది. ఆ మొదటి ఎన్నికల్లో పేపర్ మీద ముద్ర వేసే పనే లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, డబ్బా మీద గుర్తు. నచ్చినవాడి డబ్బాలో చీటీ వేసి రావాలి. చదువు రానివాళ్ల కోసం చేసిన ఇంతెజామ్ అది. కరీంనగర్ అప్పుడు ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ నుంచి బద్దం ఎల్లారెడ్డి, షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. దేశమంతా కాంగ్రెస్ హవా నడుస్తుంటే మన జిల్లా రెండు సీట్లూ వేరేవాళ్లకి ఇచ్చింది. ఒకటి సాయుధ పోరాటం చేసినవాళ్లకి, ఇంకొకటి అంటరానితనం మీద పోరాడేవాళ్లకి. దొరల గడీ ముందు నోరెత్తలేని మనిషి డబ్బా ముందు మాట్లాడాడు.

1971లో మళ్లీ మాట్లాడాడు. తెలంగాణ ప్రజా సమితి ఆ ఏడు 10 లోక్‌సభ సీట్లు గెలిచింది. కరీంనగర్ నుంచి గెలిచింది ఎం. సత్యనారాయణరావు. కొన్ని నెలలకే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జనం ఒక షేర్‌కి దాద్ ఇస్తే షాయర్ దాన్ని మూటగట్టుకొని వేరే మెహఫిల్‌కి పోయినట్టయింది. వేసిన ఓటు వెనక్కి అడిగే రివాజు లేదు కదా.

తమాషా ఏమిటంటే, 35 ఏళ్ల తర్వాత అదే సత్యనారాయణరావు మంత్రిగా ఉండి టీఆర్ఎస్‌ని ఎద్దేవా చేసి సవాల్ విసిరారు. కేసీఆర్ కరీంనగర్ ఎంపీ పదవికి రాజీనామా చేసి మళ్లీ అదే జనం ముందుకొచ్చారు. 2006 డిసెంబర్ ఉప ఎన్నికలో జనం 2 లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చారు. నా చెవికి అది ఒకటే మాటగా వినిపించింది: ముకర్రర్! చదివిన మిస్రానే మళ్లీ చదవమన్నారు.

2008లో కేసీఆర్ మళ్లీ రాజీనామా చేశారు, మళ్లీ వచ్చారు. అదే నియోజకవర్గం, అదే మాట, అదే మనిషి. మెజారిటీ 15 వేల పైచిలుకు దగ్గర ఆగింది. రెండేళ్లలో తెలంగాణ మీద జనానికి మొహబ్బత్ తగ్గిందా? అదేమీ కాదు. 2010 జూలైలో 12 అసెంబ్లీ సీట్లకి ఉప ఎన్నికలు జరిగితే రాజీనామా చేసినవాళ్లలో ఒక్కరు కూడా ఓడలేదు. టీఆర్ఎస్ 11, బీజేపీ 1. ఆ పన్నెండులో ఎనిమిది మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవే. సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, ధర్మపురి, హుజూరాబాద్, సిర్పూర్, మంచిర్యాల, చెన్నూరు. నాకు అర్థమైంది ఇదీ: ముకర్రర్ అనేది జనం అడగాలి. షాయరే తన షేర్‌ని పదేపదే చదువుతూ ముకర్రర్ అనిపించుకోబోతే పాన్‌దాన్ చప్పుడు వినిపిస్తుంది.

ఓటుకీ దాద్‌కీ ఒక పెద్ద ఫరక్ ఉంది. వాహ్ ఏ మిస్రా మీద పడిందో మెహఫిల్ మొత్తం వింటుంది. ఓటు ఎందుకు పడిందో డబ్బా చెప్పదు. గెలిచినవాడు తన ఇష్టం వచ్చిన మానీ చెప్పుకుంటాడు. ఈ చిక్కుముడిని 2019లో పసుపు రైతులు తమదైన తీరులో విప్పారు. నిజామాబాద్ లోక్‌సభలో మన జగిత్యాల, కోరుట్ల కూడా ఉన్నాయి. పసుపు బోర్డు, పసుపుకీ ఎర్రజొన్నకీ మద్దతు ధర కావాలని 178 మంది రైతులు తామే నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. అప్పటి ఎంపీ కవిత ఓడారు, ధర్మపురి అర్వింద్ గెలిచారు. ఆ 178 మంది గెలవడానికి నిలబడలేదు, తమ ఫిర్యాద్‌ని బ్యాలెట్ మీదే అచ్చు వేయించారు. పసుపు బోర్డు ప్రకటన 2023లో వచ్చింది, 2025 జనవరిలో అది మొదలైంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మాత్రం పసుపు లేదు. దాద్ సగమే దక్కింది.

మరి ఖామోషీ సంగతి? సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో నోటా బటన్ వచ్చింది. కానీ లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డా, తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. ముషాయిరాలో షాయర్‌ని దించేసే ఖామోషీకి ఇక్కడ ఒక లెక్క మాత్రమే ఉంది, తాఖత్ లేదు.

ఇక నా ఖసూర్ కూడా ఒప్పుకోవాలి. పత్రికలో చేరిన కొత్తలో ఎన్నికల వార్తల్లో "ముస్లిం ఓటు ఎటు?" అని నేనూ రాశాను. ఒక సాయంత్రం మా అమ్మీ ఆ పేపర్ చదివించుకొని, "బేటా, నా ఓటు నీకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "మరి మొహల్లా మొత్తానిది ఎట్ల తెలిసింది?" నా దగ్గర జవాబు లేదు. నల్లా నీళ్ల కోసం ఓటేసిన మనిషినీ, కొడుకు నౌకరీ కోసం వేసిన మనిషినీ, భయంతో వేసిన మనిషినీ నేను ఒకే మూటలో కట్టాను. తఖ్త్ చూసి వాహ్ అన్నవాళ్లకీ, మిస్రా వినకుండానే దాద్‌కి లెక్క రాసిన నాకూ ఫరక్ ఏముంది?

ఆ రోజు నుంచి ఎన్నికల తర్వాత ఎవరు గెలిచారని రాసే ముందు, ఏ మిస్రా మీద వాహ్ పడిందని జనాన్నే అడుగుతున్నాను. జవాబులు ఎప్పుడూ ఒకటి కాదు. దాద్ అంటే ఇన్సాఫ్ అయినప్పుడు, ఇచ్చినవాడి మాట వినకపోవడం బేఇన్సాఫీయే కదా.