నిద్రించు మెదడు

ఖమ్మము మొదలు భద్రాచలము వరకు అడవి యంచున నున్న మన పల్లెలలో నిద్రను గూర్చిన కథ తెలియనివారు లేరు. లక్ష్మణస్వామి వనవాసమున పదునాలుగేండ్లు కన్ను మూయక కాపుండెననియు, ఆయన నిద్రను గూడ ఊర్మిళాదేవియే పోయెననియు మన స్త్రీలు పాటగా పాడుకొనుచు వచ్చిరి. నిద్ర ఎవరో యొకరు తీర్పక తప్పని ఋణమని ఆ కథ తాత్పర్యముగా నాకు తోచును. ఆ ఋణ మెందులకో శాస్త్రజ్ఞులు తెలిసికొనిన విధమును మనవి చేసెదను.

జర్మనీలో హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను తొలిసారి గీయించి, 1929లో ప్రకటించెను. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్ర నడుమ నడుమ మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వడివడిగా కదలుననియు, అప్పుడు లేపినచో పెక్కుమంది కల చెప్పుదురనియు చూపిరి. స్వప్నము వేరు, సుషుప్తి వేరు అని మన పెద్దలు చెప్పినదే యిది. అయినను తలపై నుంచిన తీగెలు లోపల ఏ భాగము మేల్కొని యున్నదో స్పష్టముగా చూపజాలవు.

దానిని చూపినవారిలో బెల్జియము దేశమున లియెజ్ విశ్వవిద్యాలయ వైద్యుడు పియెర్ మాకె ముఖ్యుడు. మెదడునకు ఆహారము చక్కెర. కొద్దిగా కిరణములు వెలువరించు చక్కెరవంటి పదార్థమును నరములోని కెక్కించి, నిద్రించువాని తలను వలయాకారపు యంత్రములో నుంచినచో, ఏ భాగ మెంత తినుచున్నదో పటముగా తేలును. గాఢనిద్రలో ఈ వినియోగము మెలకువకంటె నూటికి 40 పాళ్లకు పైగా తగ్గుననియు, కలలనిద్రలో ఇంచుమించు మెలకువతో సమానమనియు ఆయన బృందము 1990లో ప్రకటించెను. ఒడలు కట్టెవలె పడియుండగా మెదడు పగటియంత పని చేయుచున్నదన్నమాట!

1996లో వారే రక్తప్రవాహమును పటమున కెక్కించిరి. కలలనిద్రలో భయము మొదలగు భావములకు సంబంధించిన భాగము చురుకుగాను, యుక్తాయుక్తములను విచారించు నుదుటి భాగములు కొన్ని మందముగాను కనబడెను. కలలో పులి తరుమగా గుండె జల్లుమనుటయు, గతించిన తాతగారితో మాటలాడుచు వింతపడకుండుటయు ఇందువలననే కావచ్చును. పటము మెదడు చురుకును చూపునే గాని కలను చూపదు.

మనకు మిక్కిలి పనికివచ్చు సంగతి తరువాతిది. పగలు చేతిపని యొకటి నేర్చినవారి మెదడులో, ఆ పనివేళ చురుకైన భాగములు కొన్ని రాత్రి కలలనిద్రలో మరల చురుకెక్కెనని 2000లో తేలెను. 2004లో, యంత్రపు తెరపై కల్పించిన పట్టణమున త్రోవలు నేర్పి కొందరిని నిద్రింపజేయగా, జ్ఞాపకమునకు ఆయువుపట్టైన భాగము గాఢనిద్రలో మరల పనికి పూనుకొనెను. అది హెచ్చుగా చురుకెక్కినవారే మరునాడు త్రోవను మెరుగుగా కనుగొనిరి.

కావున పెద్దలారా, పరీక్ష ముంగిట పిల్లవానిని తెల్లవార్లు కూర్చుండబెట్టి చదివించుట, విత్తిన చేనును మరునాడే దున్నుట వంటిది. రాత్రి యంతయు మంచెపై పందులకు కాపున్నవాడు పగలు పరుండిన సోమరి యనరాదు. వాని నిద్రను పోవుటకు మన యిండ్ల ఊర్మిళ లేదు. కావలికి వంతులు వేసికొనుటయే మనకు తగిన యుపాయము.