తిరుత్తణి రాళ్లు, తిరుత్తణి తేదీలు

తిరుత్తణి అనగానే కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి, ఏడాదిలోని రోజులకు గుర్తుగా చెప్పుకునే 365 మెట్లు గుర్తొస్తాయి. అదే ఊళ్లో వీరట్టానేశ్వరుడి గుడి కూడా ఉంది. పల్లవ రాజు అపరాజితుడి 18వ పాలనా సంవత్సరంలో నంబి అప్పి అనే ఆయన ఆ రాతిగుడిని కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. రాజు తానే ఒక తమిళ పద్యం అల్లి అక్కడ చెక్కించాడు. కట్టించినవాడి పేరు తెలుసు, ఏలిన రాజు తెలుసు, ఏలుబడిలో ఎన్నో ఏడో తెలుసు. అది క్రీస్తుశకం ఎన్నో సంవత్సరమో మాత్రం తెలియదు. అపరాజితుడు గద్దెనెక్కిన ఏడు మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అందుకే ఆ గుడి తొమ్మిదో శతాబ్దం చివరిదని చెప్పి ఊరుకోవాల్సి వస్తోంది.

ఆ పక్కనే ఉన్న వేలంజేరిలో 1977లో రెండు రాగి శాసనాలు దొరికాయి. ఒకటి ఈ అపరాజితుడిది, ఇంకొకటి చోళరాజు మొదటి పరాంతకుడిది. పరాంతకుడి శాసనంలోనూ ఉన్నది పాలనా సంవత్సరమే, 25వ ఏడు. కానీ దాన్ని 931-32 అని ధైర్యంగా చెప్పగలం. ఆ ధైర్యం తిరుత్తణికి చాలా దక్షిణాన, తిరుక్కోవలూరు ప్రాంతంలోని గ్రామం అనే ఊరి శాసనం నుంచి వచ్చింది. అందులో పరాంతకుడి 36వ ఏటితో పాటు కలియుగం మొదలైన నాటి నుంచి గడిచిన రోజుల లెక్క ఉంది: 14,77,037వ రోజు, శనివారం, రేవతీ నక్షత్రం.

ఈ రోజుల లెక్కనే మన సిద్ధాంతులు అహర్గణం అంటారు. కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. 14,77,037ను ఏడుతో భాగిస్తే శేషం రెండు. శుక్రవారం ఒకటి, శనివారం రెండు. శాసనంలో ఉన్నదీ శనివారమే. రోజులన్నీ లెక్కగడితే 943 జనవరి 14 వస్తుంది. ఆ నాటికి చంద్రుడు అమావాస్య దాటి ఐదు రోజుల దూరంలో, రేవతి దగ్గరే ఉంటాడు. వెయ్యేళ్ల కిందటి లేఖకుడు రాసిన మూడు గుర్తులూ ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతున్నాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే పరాంతకుడి తొలి ఏడు 907కు వస్తుంది. వేలంజేరి రాగిరేకు సంవత్సరం దానంతటదే తేలుతుంది.

పాత శాసనాల్లో తిథి, వారం, నక్షత్రం కలిపి రాయడం వల్ల చరిత్రకు జరిగిన మేలు ఇది. ఒక్క అంకే ఉంటే అందులోని తప్పును పసిగట్టే దారి లేదు. మూడు గుర్తులుంటే ఒకటి తప్పినా మిగతా రెండూ పట్టిస్తాయి. జర్మన్ పండితుడు కీల్‌హార్న్ చోళ రాజుల శాసనాలను ఈ పద్ధతిలోనే ఒక్కొక్కటిగా పరీక్షించారు. రాబర్ట్ సీవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి 1896లో భారతీయ పంచాంగాల మీద పట్టికలతో పెద్ద గ్రంథం తెచ్చారు. ఆ తర్వాత మద్రాసులో ఎల్.డి. స్వామికన్ను పిళ్లై 700 నుంచి 1799 వరకు, పదకొండు వందల ఏళ్లకు రోజువారీ పట్టికలు కట్టారు. 1922లో అచ్చయిన ఆ సంపుటాలు శాసన పరిశోధకులకు నేటికీ పనికొస్తున్నాయి.

పట్టికలు అచ్చు కాకముందు ఈ లెక్కలు నోటి మీద నడిచేవి. 1825లో మద్రాసులో వెలువడిన ‘కాల సంకలిత’ గ్రంథంలో జాన్ వారెన్ ఒక ముచ్చట రాశాడు. పుదుచ్చేరి దగ్గర ఆయనకు తారసపడిన పంచాంగకర్త కాగితం, కలం ముట్టలేదు. నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠస్థం చేసిన వాక్యాల నుంచి అంకెలు తీస్తూ చంద్రగ్రహణం వేళ చెప్పాడు. ఆ లెక్కకూ, ఆకాశంలో జరిగినదానికీ గంట కూడా తేడా రాలేదు.

ఈ విద్యకు తిరుత్తణిలోనే మరో పరీక్ష ఉంది. అది రాజులది కాదు, ఒక రాష్ట్రపతిది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న పుట్టారని బడిపిల్లలందరికీ తెలుసు. అప్పటికి ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లాలోకి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. పుట్టిన ఊరి చిరునామా ఇన్నిసార్లు మారితే, పుట్టిన తేదీ కూడా ఒక్కటిగా నిలవలేదు. రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ 1989లో వెలువరించిన జీవితచరిత్రలో సెప్టెంబరు 5ను అధికారిక తేదీగా చెప్పి, తాను పుట్టింది 1887 సెప్టెంబరు 20న అని అంగీకరించడానికే తండ్రి మొగ్గారని రాశారు.

ఆ కాలంలో ఇది వింత కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ జనన మరణాల నమోదు చట్టం 1899 నాటిది. అంతకుముందు పుట్టినవారి వివరాలు చాలా ఇళ్లలో సంవత్సరం పేరు, మాసం, తిథి, నక్షత్రాలతోనే ఉండేవి. బిడ్డను బడిలో వేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు తేదీగా మార్చి రిజిస్టరులో రాయించాలి. తిరుత్తణి లాంటి సరిహద్దు ఊళ్లో ఇంకో చిక్కు. తెలుగువారికి ఏడాది ఉగాదితో, చాంద్రమానంతో మొదలవుతుంది. తమిళులకు చిత్తిరై నెలతో, సౌరమానంతో మొదలవుతుంది. సంవత్సరం పేరు ఇద్దరికీ ఒకటే, నెలలు వేరు.

రెండు తేదీలనూ పంచాంగంలోకి తిప్పి చూద్దాం. మొదట వారం. తొలి ఉపాధ్యాయ దినోత్సవం 1962 సెప్టెంబరు 5, బుధవారం. 1888 నుంచి అప్పటికి 74 ఏళ్లు. ఏడాదికి ఒక్కో వారం ముందుకు జరుగుతుంది కాబట్టి 74, నడుమ వచ్చిన ఫిబ్రవరి 29లు 17 (1900 లీపు సంవత్సరం కాదు). మొత్తం 91, ఏడుతో నిశ్శేషంగా పోతుంది. అంటే 1888 సెప్టెంబరు 5 కూడా బుధవారమే. 1887 సెప్టెంబరు 20 దానికి 351 రోజుల ముందు, అంటే యాభై వారాల మీద ఒక రోజు. అది మంగళవారం.

ఇక చంద్రుడు. 1887 ఆగస్టు 19న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. రష్యాలో రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ దాన్ని చూడటానికి బెలూన్ ఎక్కాడు. సూర్యగ్రహణం అంటే అమావాస్యే కదా. అక్కడి నుంచి 29.53 రోజులు కూడితే తరువాతి అమావాస్య సెప్టెంబరు 17 రాత్రి ప్రాంతానికి వస్తుంది. కాబట్టి సెప్టెంబరు 20 సర్వజిత్తు నామ సంవత్సరం ఆశ్వయుజ శుద్ధ తదియ ప్రాంతం, దేవీ నవరాత్రుల రోజులు. అలాగే పదమూడు చాంద్రమాసాలు కూడితే 1888 సెప్టెంబరు 6 ఉదయం ప్రాంతంలో అమావాస్య. సెప్టెంబరు 5 సర్వధారి నామ సంవత్సరం శ్రావణ మాసం ఆఖరు, అమావాస్య ముంగిట.

లెక్క ఇంతవరకే వస్తుంది. రెండు తేదీల్లో ఏది నిజమో అది చెప్పదు. కానీ ఆ తేల్చే సాక్ష్యం ఎలా ఉండాలో కచ్చితంగా చెబుతుంది. 1887 సెప్టెంబరు 20న చంద్రుడు చిత్త, స్వాతి నక్షత్రాల దగ్గర ఉన్నాడు. 1888 సెప్టెంబరు 5న మఖ, పుబ్బల దగ్గర ఉన్నాడు. ఈ రెండు జంటలూ కలిసే అవకాశమే లేదు. జన్మనక్షత్రం పేరున్న ఒక్క జాతకపు చీటీ చాలు. చిత్త గానీ స్వాతి గానీ ఉంటే గోపాల్ రాసిన తేదీ వైపు, మఖ గానీ పుబ్బ గానీ ఉంటే రిజిస్టరు తేదీ వైపు త్రాసు మొగ్గుతుంది.