ఇఱుకు అఱ్ఱలు – వెడల్పు కటకములు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో పెండ్లి వీడియోలు తీయు వృత్తి చరిత్రను వ్రాయబూనినవాడు కెమెరాల పేర్లతో గాక ఇండ్ల కొలతలతో నారంభించుట న్యాయము. ఏలయన, ఫంక్షన్ హాలులో తలంబ్రాల వేళ ఎంత వెనుకకు జరిగినను చోటు మిగులును గాని, ఐరేని కుండలు నిలుపు దేవునఱ్ఱలోను, పెండ్లికూతురును చేయు నడిమి అఱ్ఱలోను వీపునకు గోడ తగిలిన పిమ్మట కెమెరా పట్టినవాడు చేయగలది లేదు. అచ్చట దృశ్యపు మేరను నిర్ణయించునది కటక మొక్కటియే.

ఈ చిక్కు ఛాయాచిత్రకళతోడనే పుట్టినది. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ రూపొందించిన కటకము వెలుతురును సమృద్ధిగా గ్రహించెను గాని, దాని చూపు ఒక ముఖమునకు మాత్రమే చాలినది. 1900 నాటి గెర్జ్ హైపర్‌గాన్ 130 డిగ్రీలకు పైగా చూడగలిగినను, దాని రంధ్రము మిక్కిలి చిన్నదగుటచే ఇంటిలోని మసక వెలుగున దానివలన ప్రయోజనము స్వల్పము. ఈ మూడు ఊళ్లును ఏ నిజాము రాజ్యమున నుండెనో ఆ రాజ్యపు రాజధానిలో, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీన్ దయాళ్ 1892లో స్త్రీల కొఱకు ప్రత్యేకముగ జనానా స్టూడియోను నెలకొల్పుట యీ సందర్భమున స్మరణీయము: అంతఃపురములోనికి కెమెరా పోలేని కాలమున అంతఃపురమే కెమెరా యొద్దకు తరలివచ్చెను.

వెడల్పును వెలుతురును ఒక్క గొట్టమున నిముడ్చుటకు అర్ధశతాబ్దము పట్టినది. కొత్తరకము కెమెరాలలో కటకమునకును ఫిలిమునకును నడుమ అద్దము లేచి పడుచుండుటచే, ఫిలిమునకు చేరువ నుండవలసిన పొట్టి కటకమునకు చోటు లేకపోయెను. ముందువైపున కిరణములను విడదీయు పెద్ద గాజును అమర్చి, కటకమును వెనుకకు జరుపు ఉపాయమును ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ఆంజెన్యూ 1950లో 35 మి.మీ. కటకమున సాధించెను; నేటి వెడల్పు కటకములలో పెక్కింటికి అదియే మాతృక.

ఇక ఈ పట్టణముల విషయమునకు వచ్చినచో, 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడిన పిమ్మట ఎడమ కాలువ క్రింద వరి విస్తరించెను, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడెను. పంటలతోపాటు పెండ్లి వేడుకలును పెరిగెను. 1976లో జపానున వెలువడిన వీ.హెచ్.ఎస్. క్యాసెట్టు కాలక్రమమున ఈ పట్టణములకును వచ్చి చేరగా, ఒకడు భుజముపై కెమెరాను, మఱియొకడు చేత లైటును పట్టి ఇల్లిల్లును ప్రవేశించిరి. ఆ కెమెరాల చూపు ఇఱుకగుటచే ముందు వైడ్ కన్వర్టరు బిగించుకొనవలసి వచ్చెడిది. దానివలన అంచుల పదును చెడి, దర్వాజాలు విల్లువలె వంగెడివి.

2008లో కానన్ 5డీ మార్క్ 2 వెలువడి, ఫొటో కెమెరాతోనే సంపూర్ణ హెచ్.డీ. చలనచిత్రము తీయుట సాధ్యమయ్యెను. చిత్రణ నడుచుచుండగా అది కదలు మనిషి ననుసరించి తనంత తాను ఫోకసు సరిచేసికొనజాలకుండుటచే, మూలబడిన చేతి ఫోకసు విద్యకు మరల గౌరవము లభించినది. 1959లో ఆరంభమైన నికాన్ ఎఫ్ బిగింపు కటకములు సెన్సరునుండి 46.5 మి.మీ. దూరమును కోరును, కానన్‌కు 44 మి.మీ. చాలును, ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందులో ఒక ఎడాప్టరు నిముడ్చుటచే పాత కటకములు క్రొత్త పెండ్లిండ్లకు పనికివచ్చెను. దూరపు అంకెలు చెక్కిన ఆ పాత కటకముల ఫోకసు వలయము రెండు కొనలందును గట్టిగా ఆగును గనుక, వ్రేళ్లకు అలవాటైనచో కన్ను దృశ్యమును విడువనక్కఱలేదు. అక్షతలు కెమెరాముందు ఎగిరినను, ఎవరో అడ్డువచ్చినను ఫోకసు చలింపదు.

ఇక ఎంపిక విషయము. ఎనిమిదడుగుల దూరమున పూర్తి సెన్సరుపై 50 మి.మీ. కటకము ఆఱడుగులకు లోపునే చూపును, 24 మి.మీ. కటకము పండ్రెండడుగులు చూపును. ఏపీఎస్-సీ వంటి చిన్న సెన్సరుపై అదే వెడల్పునకు 16 మి.మీ. కావలెను. పూర్తి సెన్సరుపై 24 మి.మీ. కటకమున రంధ్రమును 5.6కు తగ్గించి పదునొకండడుగులకు ఫోకసు నిలిపినచో, అయిదున్నర అడుగులనుండి దూరమెంతవఱకైనను స్పష్టముగ నుండును. చీకటి అఱ్ఱలో రంధ్రమును 2.8కు తెఱచినపుడు ఈ వెసులుబాటు సన్నగిల్లును గాన వలయమును మెల్లగ త్రిప్పుచుండవలెను. అందులకే వలయపు తిరుగుడు దీర్ఘముగ నుండుట శ్రేష్ఠము.

14 మి.మీ. కటకము 114 డిగ్రీలు చూచునని యువకులు మురియుదురు గాని, అది అంచున నిలిచిన మేనత్త ముఖమును సాగదీయును. చౌకగా లభించు కొన్నిటిలో గోడల గీతలు అలలవలె వంకరలు పోవును. బంధువుల ముఖములను చెడగొట్టు వెడల్పు వ్యర్థము. ఇంటి పెండ్లికి పూర్తి సెన్సరుపై 24, చిన్న సెన్సరుపై 16, ఇంతకన్న వెడల్పు ఆడంబరము మాత్రమే.